క్రిప్టో మైనింగ్, కరెంటు, మన జేబు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

కరెంటు బిల్లుల మీద, ఆన్‌లైన్ మోసాల మీద కాలనీల్లో అవగాహన సమావేశాలు పెడుతుంటే, మధ్యలో క్రిప్టో మైనింగ్ గురించి అడిగేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. గాజువాక వెళ్లినా, మధురవాడ వెళ్లినా అవే ప్రశ్నలు. అందుకని జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. లెక్క ఉన్నచోట లెక్క మొత్తం చూపించాను. మీ కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని మీరే సరిచూసుకోండి.

మైనింగ్ అంటే అసలు ఏం తవ్వుతారు?

ఏమీ తవ్వరు. క్రిప్టో అంటే కంప్యూటర్లలో మాత్రమే ఉండే డబ్బు, వాటిలో అన్నిటికన్నా పెద్దది బిట్‌కాయిన్. దానికి బ్యాంకు లేదు, మేనేజరు లేడు. ఎవరి నుంచి ఎవరికి ఎంత వెళ్లిందో రాసిపెట్టే ఖాతా పుస్తకం మాత్రం ఒకటుంది. దాని నకళ్లు ప్రపంచవ్యాప్తంగా వేల కంప్యూటర్లలో ఉంటాయి. కొత్త లావాదేవీలను ఒక కట్టగా కట్టి ఆ పుస్తకంలో తర్వాతి పేజీగా చేర్చాలి. ఆ కట్ట పేరు బ్లాక్. ఆ పేజీ ఎవరు రాయాలన్న దగ్గరే పోటీ. గెలిచినవాళ్లకి కొత్తగా పుట్టే బిట్‌కాయిన్లు, ఆ బ్లాకులోని లావాదేవీల మీద ఫీజులు దక్కుతాయి. ఈ పోటీనే మైనింగ్ అంటున్నారు.

సతోషీ నకమోటో అనే పేరుతో 2008 అక్టోబరు 31న బయటికొచ్చిన పత్రంలో ఈ పద్ధతి ఉంది. మొదటి బ్లాకు 2009 జనవరి 3న పుట్టింది. ఆ పేరు వెనక ఉన్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

యంత్రాలు కష్టమైన గణిత సమస్యలు పరిష్కరిస్తాయని అంటారు. ఏమిటా సమస్యలు?

యూట్యూబ్ వీడియోల్లో ఈ మాట తెగ వినిపిస్తుంది. వినేవాళ్లకి అక్కడేదో శాస్త్ర పరిశోధన జరుగుతోందనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. నంబర్ల తాళం ఉన్న సూట్‌కేసుకి నంబరు మర్చిపోతే 000 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం కదా, యంత్రం చేసేదీ అంతే.

కాస్త దగ్గరగా చూద్దాం. షా-256 అనే సూత్రం ఒకటుంది. దానికి ఒక పదం ఇచ్చినా, ఒక పుస్తకం మొత్తం ఇచ్చినా 256 బిట్ల సంఖ్య ఒకటి బయటికొస్తుంది. దాన్నే హాష్ అంటారు. లోపలికి పంపినదాంట్లో ఒక్క అక్షరం మారినా హాష్ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఏది పంపితే ఏది వస్తుందో ముందుగా ఊహించే దారి లేదు. మైనింగ్ యంత్రం తన బ్లాకు సమాచారానికి నాన్స్ అనే ఒక అంకె జోడించి ఈ సూత్రంలోంచి పంపుతుంది. వచ్చిన సంఖ్య నెట్‌వర్క్ పెట్టిన హద్దుకన్నా చిన్నదైతే గెలుపు. కాకపోతే అంకె మార్చి మళ్లీ మొదలు.

2025 చివర్లో ప్రపంచంలోని బిట్‌కాయిన్ యంత్రాలన్నీ కలిసి సెకనుకు సుమారు ఒక జెట్టాహాష్ వేగంతో, అంటే 1 పక్కన 21 సున్నాలన్ని ప్రయత్నాలు చేసేవి. సగటున పది నిమిషాలకొక బ్లాకు. అంటే ఒక్కో బ్లాకు కోసం 6 పక్కన 23 సున్నాలన్ని ప్రయత్నాలు. వాటిలో పనికొచ్చేది ఒక్కటి. మిగతావన్నీ వేడిగా మారి గాల్లో కలిసిపోతాయి.

ఇదంతా వృథా అని కొట్టిపారేసే ముందు దీని వెనకున్న ఆలోచన కూడా తెలుసుకోవాలి. గెలిచిన అంకెని వెతకడానికి బోలెడంత ఖర్చవుతుంది. అది సరైనదో కాదో చూడటానికి మాత్రం మామూలు ల్యాప్‌టాప్‌కి రెప్పపాటు చాలు. పాత పేజీలో ఒక అంకె దిద్దాలనుకున్న దొంగ ఆ పేజీ నుంచి ఇప్పటిదాకా అయిన పనంతా మళ్లీ చేయాలి, అదీ మిగతా ప్రపంచం కన్నా వేగంగా. బ్యాంకు చేసే కాపలా పనిని ఇక్కడ కరెంటు ఖర్చు చేస్తోంది. అందుకే ఆ ఖర్చు పొరపాటున వచ్చిపడింది కాదు, తెలిసే పెట్టింది.

టెక్నాలజీ మెరుగుపడే కొద్దీ కరెంటు వాడకం తగ్గదా?

నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

తగ్గదు. యంత్రాలు రెట్టింపు వేగంగా పనిచేస్తే బ్లాకులు ఐదు నిమిషాలకే రావాలి. కానీ ప్రతి 2,016 బ్లాకులకొకసారి, అంటే దాదాపు రెండు వారాలకొకసారి, నెట్‌వర్క్ తనంతట తానే హద్దుని సరిచేసుకుంటుంది. బ్లాకులు తొందరగా వస్తుంటే పని కష్టం చేస్తుంది, నెమ్మదిగా వస్తుంటే సులువు చేస్తుంది. యంత్రం ఎంత మెరుగైనా బ్లాకులు మళ్లీ పది నిమిషాలకే వస్తాయి. పక్కవాడు కొత్త యంత్రం కొంటే మీరూ కొనాలి, లేకపోతే మీ వాటా కరిగిపోతుంది. ఇద్దరూ కొన్నాక ఇద్దరి వాటా మళ్లీ పాతదే.

కరెంటు వాడకాన్ని నడిపించేది బిట్‌కాయిన్ ధర, బ్లాకుకి వచ్చే బహుమతి. ధర పెరిగితే యంత్రాలు పెరుగుతాయి, పడిపోతే పాత యంత్రాలు ఆగిపోతాయి. బహుమతి సుమారు నాలుగేళ్లకొకసారి సగమవుతుంది. 2009లో 50 బిట్‌కాయిన్లు ఉండేది, 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్ నుంచి 3.125. మొత్తం 2.1 కోట్ల నాణేలకు మించి రావు.

ఇంకోమాట. ఒక్కో బిట్‌కాయిన్ లావాదేవీకి ఇన్ని వందల యూనిట్లు అని వాట్సాప్‌లో లెక్కలు తిరుగుతుంటాయి. వాటిని నేను వాడను. బ్లాకులో పది లావాదేవీలున్నా మూడు వేలున్నా యంత్రాలు కాల్చే కరెంటు అంతే. మొత్తం ఎంత అని అడగడమే సరైన పద్ధతి.

సరే, మొత్తం ఎంత?

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో ఇచ్చిన అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 138 టెరావాట్ అవర్లు, అంటే 13,800 కోట్ల యూనిట్లు. ఈ అంకె మనకి అర్థం కావాలంటే పరవాడ వైపు చూడాలి. అక్కడి సింహాద్రి ఎన్టీపీసీ సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఏడాదిలో ఒక్క గంట కూడా ఆగకుండా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 1,752 కోట్ల యూనిట్లు వస్తాయి. అలాంటి సింహాద్రులు దాదాపు ఎనిమిది ఏడాది పొడవునా నడిస్తే బిట్‌కాయిన్‌కి సరిపోతుంది.

ఆ కరెంటులో సగం పైచిలుకు, 52.4 శాతం, జల, పవన, సౌర, అణు విద్యుత్తేనని అదే నివేదిక చెబుతోంది. అయితే అది మైనింగ్ కంపెనీలు ఇచ్చిన జవాబుల మీద కట్టిన లెక్క అని గుర్తుంచుకోండి. మన దగ్గర సంగతి వేరు. దేశంలో కరెంటుకి ప్రధాన ఆధారం ఇంకా బొగ్గే. సగటున ఒక యూనిట్‌కి 0.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి వెళుతుంది. ఒడిశాలోని తాల్చేరు నుంచి రైళ్లలో వచ్చే బొగ్గు, పరవాడ చుట్టుపక్కల ఊళ్ల మీద పడే బూడిద ఈ ప్రాంతం వాళ్లకి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

మా ఇంట్లో ఒక యంత్రం పెట్టుకుంటే నెలకి ఎంత మిగులుతుంది?

లెక్క వేద్దాం. ఒకప్పుడు కంప్యూటర్‌తో అయ్యేది. 2013 నుంచి ఈ ఒక్క పనికోసమే తయారైన ఏసిక్ యంత్రాలొచ్చాయి. ఇప్పటి మంచి యంత్రం ఒకటి సెకనుకు 200 టెరాహాష్‌లు (ఒక టెరాహాష్ అంటే లక్ష కోట్ల ప్రయత్నాలు) చేస్తూ 3,500 వాట్లు లాగుతుంది. రాత్రీపగలూ నడవాలి కాబట్టి రోజుకి 84 యూనిట్లు, నెలకి 2,520.

మన ఈపీడీసీఎల్ గృహ టారిఫ్‌లో 400 యూనిట్లు దాటాక యూనిట్ 9 రూపాయల 75 పైసలు. కింది శ్లాబుల లాభం మొత్తం ఈ యంత్రానికే ఇచ్చేసి, ఇంట్లో ఒక్క ఫ్యాను కూడా తిరగలేదనుకున్నా, నెలకి 23 వేల పైచిలుకు బిల్లొస్తుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం.

ఇక వేడి. యంత్రం తీసుకున్న 3,500 వాట్లూ చివరికి వేడిగానే బయటికొస్తాయి. ఒక టన్ను ఏసీ తీసేయగలిగేది సరిగ్గా అంత వేడినే. మూసిన గదిలో పెడితే మే నెల విశాఖలో ఆ యంత్రం ఒక్కదానికే ఒక టన్ను ఏసీ ఇరవైనాలుగు గంటలూ తిరగాలి. దానికి ఇంకో ఏడు వేలు వేసుకోండి. మొత్తం 30 వేలు.

ఆదాయం సంగతి చూద్దాం. ప్రపంచమంతా కలిపి రోజుకి 450 కొత్త బిట్‌కాయిన్లు పుడతాయి. జెట్టాహాష్ నెట్‌వర్క్‌లో 200 టెరాహాష్‌ల వాటా యాభై లక్షల్లో ఒక వంతు. నెలకి 0.0027 బిట్‌కాయిన్. నాణెం ధర 80 లక్షలు అనుకుంటే 21,600 రూపాయలు. అందులోంచి పూల్ వాళ్ల (చాలామంది యంత్రాల్ని కలిపి నడిపించి రాబడి పంచేవాళ్ల) కమీషన్, ఆపైన పన్ను పోవాలి.

అంటే యంత్రం ఖరీదు లెక్కలోకి తీసుకోకముందే నెలకి ఎనిమిది వేల పైగా నష్టం. ధర పెరిగితే లెక్క మారదా అంటే మారుతుంది. కానీ ధర పెరుగుతుందని మీకు నమ్మకముంటే ఆ 30 వేలతో నేరుగా నాణెమే కొనుక్కోవచ్చు కదా. కొనమని నేను చెప్పడం లేదు, లెక్క చెబుతున్నాను. మైనింగ్‌తో బతికేవాళ్లు యూనిట్‌కి మూడు నాలుగు రూపాయలకో, ఇంకా తక్కువకో కరెంటు దొరికే చోట్ల, వేల యంత్రాలతో చేస్తున్నారు. మన టారిఫ్‌తో వాళ్లతో పోటీ పడలేం.

గృహ మీటరు మీదే కానిచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది?

మీటరుకే తెలుస్తుంది. నిన్నటిదాకా 250 యూనిట్లు వాడిన ఇల్లు ఒక్కసారిగా 2,700కి వెళ్లడం బిల్లింగులో దాగదు. ఆదాయం కోసం వాడే కరెంటు గృహ కేటగిరీలోకి రాదు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద దాన్ని అనధికార వినియోగంగా లెక్కగట్టి, వర్తించే టారిఫ్‌కి రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే ఏడాది వెనక్కి వెళ్లి వసూలు చేసే వీలుంది. మీటరు తప్పించి లాగితే అది సెక్షన్ 135, దొంగతనం, జైలు దాకా వెళుతుంది. చట్టం సరే, అపార్ట్‌మెంటు ట్రాన్స్‌ఫార్మర్ మీద అంత బరువు వేస్తే మొదట వోల్టేజీ పడిపోయేది పక్కింటి పెద్దావిడ ఫ్రిజ్‌కి.

మేడ మీద సోలార్ పెట్టుకుని చేస్తే?

పీఎం సూర్యఘర్ కింద ఎక్కువమంది పెట్టుకునేది 3 కిలోవాట్లు. రోజుకి సుమారు 12 యూనిట్లు వస్తాయి. యంత్రానికి 84 కావాలి. 21 కిలోవాట్ల ప్యానెళ్లు వేయాలి, రాత్రికి గ్రిడ్ మీదే ఆధారపడాలి. ఆ 12 యూనిట్లతో మీ ఇంటి బిల్లు దాదాపు సున్నా అవుతుంది. అంతకన్నా ఖాయమైన లాభం క్రిప్టోలో నాకు కనిపించలేదు.

సముద్రపు గాలికి యంత్రాలు పాడవుతాయా?

పాడవుతాయి. గాజువాకలో ఒక షట్టరు గదిలో నడిపి ఆపేసిన యంత్రాన్ని విప్పి చూశాను. చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్దది, మోస్తే చేతులు లాగేంత బరువు, ముందు రెండు ఫ్యాన్లు, వెనక రెండు. లోపల బోర్డుల మీద అల్యూమినియం రెక్కల మధ్య తెల్లటి పొడి పేరుకుపోయింది, స్క్రూల చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. ఫ్యాన్లు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఉప్పు గాలినీ తేమనీ లోపలికి లాగుతూనే ఉంటాయి. అదే గదిలో ఇంకా నడుస్తున్న మరో యంత్రం పక్కన నిలబడితే మాట వినపడాలంటే అరవాలి. ఆ గది పైన ఒక కుటుంబం అద్దెకుంటోంది. పదో తరగతి పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని చదువుకుంటోంది. ఆ నష్టాన్ని ఏ లాభనష్టాల పట్టికలోనూ రాయరు.

ఫోన్‌లో రోజుకొకసారి బటన్ నొక్కితే మైనింగ్ అవుతుందంటున్నారు.

అవ్వదు. ఏసిక్ యంత్రం ఒక్క సెకనులో చేసే పనికి ఫోన్‌కి నెలలు, ఏళ్లు పడుతుంది. ఆ యాప్‌కి కావలసింది మీ కాంటాక్టులు, మీరు చూసే ప్రకటనలు, మీరు చేర్పించే స్నేహితులు.

నాన్నగారికి రిటైర్మెంటు డబ్బులొచ్చాయి. మా దూరపు బంధువు ఒకాయన క్లౌడ్ మైనింగ్ ప్లాన్‌లో పెట్టమంటున్నారు. నెలకి పది శాతం ఖాయమంటున్నారు. పెట్టొచ్చా?

వద్దు. దయచేసి వద్దు.

క్లౌడ్ మైనింగ్ అంటే వేరే దేశంలో ఉన్న యంత్రాల్లో మీకు వాటా అని చెబుతారు. నిజాయితీగా నడిచేవి లేకపోలేదు, కానీ అవి కూడా ఖాయమైన రాబడి చెప్పలేవు. పైన చూశారుగా, ధర మారుతుంది, హద్దు రెండు వారాలకొకసారి మారుతుంది, బహుమతి సగమవుతుంది. ఇన్ని మారే వ్యాపారంలో మారకుండా పది శాతం ఎక్కడినుంచి వస్తుంది? మీ తర్వాత చేరినవాళ్ల డబ్బులోంచి. మన దేశంలో గెయిన్ బిట్‌కాయిన్ పేరుతో జరిగింది ఇదే. నెలకి పది శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు. వేలమంది మునిగారు, కేసు సీబీఐ దాకా వెళ్లింది.

మన ఊళ్లో స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డుల్లో జీవితాంతం పనిచేసి ఒకేసారి పెద్ద మొత్తం చేతికి తీసుకునేవాళ్లు ఎక్కువ. వీళ్ల దగ్గరికి తెలియని మనిషి రాడు. తోడల్లుడో, పాత సహోద్యోగో, గుడిలో పరిచయమైనాయనో వస్తారు. పాపం ఆయన కూడా నమ్మే చెబుతారు, మొదటి రెండు నెలలు డబ్బు అంది ఉంటుంది కాబట్టి. అందుకే ఆ మనిషి మంచివాడా కాదా అని చూడకండి. మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ ఇస్తున్నారా, డబ్బు వెనక్కి తీసుకోవాలంటే ముందు పన్ను కట్టమంటున్నారా, బ్యాంకు ఖాతాకి బదులు క్రిప్టోలోనే పంపమంటున్నారా అని చూడండి. వీటిలో ఒక్కటి ఉన్నా ఆగిపోండి.

ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి దాచకండి. 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. నాన్నగారి మీద కోప్పడకండి. ఇంట్లో తిడతారన్న భయంతోనే చాలామంది రెండోసారి కూడా పంపిస్తారు.

మనకి తెలియకుండా మన కంప్యూటర్‌తో మైనింగ్ చేయించగలరా?

చేయించారు. 2018లో మన రాష్ట్రంలోనే పురపాలక శాఖకి, తిరుపతి కార్పొరేషన్‌కి చెందిన వెబ్‌సైట్లలో ఇలాంటి కోడ్ దూరిందని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. పన్ను కట్టడానికి సైటు తెరిచినవాళ్ల కంప్యూటర్లు ఎవరికోసమో పనిచేశాయన్నమాట. ఏ పనీ చేయకుండానే ల్యాప్‌టాప్ వేడెక్కి ఫ్యాను మోగుతుంటే టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్‌ని ఏది తింటోందో చూడండి. పైరసీ సాఫ్ట్‌వేర్, గేమ్ క్రాక్‌లు దీనికి పెద్ద ద్వారం. ఇంజనీరింగ్ పిల్లలున్న ఇళ్లలో ముఖ్యంగా చూసుకోండి.

మైనింగ్ మన దేశంలో నేరమా? పన్ను ఎంత?

నేరం కాదు, దానికంటూ ప్రత్యేక చట్టమూ లేదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారులకు సేవలు ఇవ్వకూడదని 2018లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. అలాగని అది చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. అమ్మినప్పుడు వచ్చే లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, ఆపైన సెస్సు. 2022 జులై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్. ఒకదాంట్లో నష్టమొస్తే ఇంకోదాని లాభంతో సరిపెట్టుకోనివ్వరు. మైనింగ్ ఏర్పాట్లకి పెట్టిన ఖర్చును కొనుగోలు ధరగా చూపించడం కుదరదని కేంద్రం 2022లో పార్లమెంటులో స్పష్టం చేసింది. పెద్ద మొత్తాలుంటే ఆడిటరుని అడగండి.

క్రిప్టోలన్నీ ఇంత కరెంటు తింటాయా?

తినవు. ఎథీరియం అనే మరో పెద్ద క్రిప్టో 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ని పూర్తిగా వదిలేసింది. ఇప్పుడు నాణేలు తాకట్టు పెట్టినవాళ్లలోంచి లాటరీలా ఎంపికైనవాళ్లు బ్లాకులు చేరుస్తారు. తప్పు చేస్తే తాకట్టులో కోత పడుతుంది. దాంతో కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. దీనికీ విమర్శలున్నాయి, ఎక్కువ నాణేలున్నవాళ్లదే పెత్తనమవుతుందని. ఏదేమైనా ఇంత కాల్చనక్కర్లేదని పెద్ద నెట్‌వర్క్ ఒకటి చేసి చూపించింది.

మైనింగ్ కేంద్రాలు వచ్చిన ఊళ్లలో ఏం జరిగింది?

ప్లాట్స్‌బర్గ్ కథ నాకు మనసులో బాగా నాటుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో చిన్న ఊరు. వాళ్లకి చవకైన జలవిద్యుత్ ఒక కోటా ప్రకారం వచ్చేది. ఆ ధర చూసి మైనర్లు దిగారు. చలికాలంలో కోటా దాటిపోయింది, మిగతాది మార్కెట్లో ఎక్కువ ధరకి కొనాల్సొచ్చింది. ఆ భారం మైనింగ్‌తో సంబంధం లేని మామూలు ఇళ్ల బిల్లుల్లో పడింది. 2018 మార్చిలో ఆ ఊరి కౌన్సిల్ కొత్త మైనింగ్ మీద 18 నెలలు నిషేధం పెట్టింది.

2021లో చైనా మైనింగ్‌ని నిషేధించింది. అక్కడి యంత్రాలు చాలావరకు అమెరికాకి, కజకిస్తాన్‌కి తరలాయి. ఆ ఏడాది చివరికి కజకిస్తాన్‌లో కరెంటు కొరత వచ్చిపడింది. అదే ఏడాది ఇరాన్ ఎండాకాలపు కోతలు తట్టుకోలేక మైనింగ్‌ని నాలుగు నెలలు ఆపేసింది. ఉద్యోగాలొస్తాయన్న మాట ప్రతిచోటా చెప్పారు. కట్టేటప్పుడు కొంత పని దొరుకుతుంది, నడవడం మొదలయ్యాక వేల యంత్రాలకి కొద్దిమంది టెక్నీషియన్లు, కాపలావాళ్లు చాలు.

మంచి అనేదే లేదా?

ఉంది. మైనింగ్ యంత్రాల్ని నిమిషాల్లో ఆపేయొచ్చు, ఉక్కు కొలిమిని అలా ఆపలేం. గాలి, ఎండ ఎక్కువున్న వేళ మిగిలిపోయే కరెంటు వాడుకుని, కొరత వేళ ఆగిపోతే గ్రిడ్‌కి ఉపయోగమే. కాకపోతే ఆ ఆగినందుకు కూడా డబ్బు తీసుకుంటారు. 2023 ఆగస్టులో టెక్సాస్‌లో రయట్ అనే కంపెనీకి ఇలా వాడకం తగ్గించుకున్నందుకు వచ్చిన విద్యుత్ క్రెడిట్లు 3.17 కోట్ల డాలర్లు. ఆ నెలలో వాళ్లు తవ్విన బిట్‌కాయిన్ విలువ అంతకన్నా తక్కువ.

మన దగ్గరికొస్తున్న గూగుల్ డేటా సెంటర్‌లో చేసేది క్రిప్టో మైనింగేనా?

కాదు. 2025 అక్టోబరు 14న ప్రకటించింది ఏఐ కోసం, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో. ఏసిక్ యంత్రం షా-256 తప్ప ఇంకేమీ చేయలేదు, దాంతో ఏఐ నడవదు. కాకపోతే కరెంటు ఎక్కడినుంచి, చల్లబరిచే నీళ్లు ఎక్కడినుంచి, లైన్లూ సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరి బిల్లులో అనే ప్రశ్నలు రెండింటికీ ఒకటే. గిగావాట్ స్థాయి కేంద్రమంటే సింహాద్రిలో సగం. కరెంటు ధరలు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, ఏపీఈఆర్‌సీ, ఏటా టారిఫ్ మీద బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా అభ్యంతరం రాసివ్వొచ్చు. కాలనీ సంఘాలు ఆ విచారణకి వెళ్లాలని గట్టిగా కోరుతున్నాను.

మా అపార్ట్‌మెంటులో ఎవరో యంత్రాలు నడుపుతున్నారని అనుమానం. ఏం చేయాలి?

ముందు ఆ ఇంటివాళ్లతోనే మర్యాదగా మాట్లాడండి. అది కంప్రెసరో, పాత ఏసీనో అయి ఉండొచ్చు. రాత్రీపగలూ ఒకే శ్రుతిలో ఆగకుండా ఫ్యాను మోత, కిటికీలోంచి వేడిగాలి, సాయంత్రాలు వోల్టేజీ పడిపోవడం ఉంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. మీ బిల్లు మీదున్న సర్వీసు నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోటు, వోల్టేజీ ఏ వేళల్లో పడుతోందో చెబితే లైన్‌మన్ వచ్చి లోడు కొలుస్తారు. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. మీరుగా ఎదుటివాళ్ల మీటరు బాక్సు మాత్రం తెరవకండి.